పైకప్పు ఉన్నవారికేనా సూర్యుడు?

2022 అక్టోబరులో గుజరాత్‌కు సంబంధించి పందొమ్మిది రోజుల వ్యవధిలో రెండు ఘనమైన కార్యక్రమాలు జరిగాయి. 9వ తేదీన మెహసాణా జిల్లాలోని మోఢేరాను ఇరవై నాలుగు గంటలూ సౌరవిద్యుత్తుతో నడిచే దేశపు తొలి గ్రామంగా ప్రధాని నరేంద్ర మోదీ ప్రకటించారు. ప్రాచీన సూర్యదేవాలయం ఉన్న ఊరు కావడంతో ప్రకటనకు పవిత్రత కూడా తోడైంది. 28వ తేదీన ఆయనే వీడియో ద్వారా సూరత్ శివార్లలోని హజీరాలో ఆర్సెలర్ మిట్టల్ నిప్పన్ స్టీల్ కర్మాగార విస్తరణకు జరిగిన భూమిపూజలో ప్రసంగించారు. ఆ విస్తరణతో కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 90 లక్షల టన్నుల నుంచి 1.5 కోట్ల టన్నులకు పెరగాలి. అంతవరకు ప్రధానంగా సహజవాయువు ఆధారంగా ఇనుమును తయారుచేసిన ఆ కర్మాగారంలో విస్తరణ భారమంతా మోసేవి బ్లాస్ట్ ఫర్నేసులు. వాటి ఆహారం కోకింగ్ బొగ్గు.

మొదటిది పర్యావరణ విజయంగా, రెండవది పెట్టుబడుల విజయంగా ప్రచారమైంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే దేశ ఇంధన విధానపు అసలు స్వరూపం తెలుస్తుంది. ఇళ్ల పైకప్పుల మీద సూర్యుడు, కర్మాగారాల పొయ్యిలో బొగ్గు. మొదటిదానికి ఉత్సవం, రెండవదానికి మౌనం. ఈ విధానంలో పైకప్పు గల గృహస్థుకు రాయితీ అందుతుంది, పొయ్యి గల పారిశ్రామికవేత్తకు గడువు అందుతుంది. పైకప్పూ పొయ్యీ రెండూ లేని కార్మికుడికి మిగిలేది పొగ మాత్రమే. ఈ మాటకు సూరత్‌ను మించిన సాక్ష్యం దేశంలో మరొకటి లేదు.

ముందుగా అంకెల సంగతి. దేశ స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరుల నుంచే సమకూరిందని 2025 జూలైలో కేంద్రం ప్రకటించింది. మొత్తం 484.8 గిగావాట్లలో 242.8 గిగావాట్లు సౌర, పవన, జల, అణు తదితర వనరులవి. 2030 నాటికి చేరవలసిన లక్ష్యాన్ని అయిదేళ్ల ముందే చేరడం చిన్న విషయం కాదు. దాన్ని కించపరచడం అన్యాయం. కానీ స్థాపిత సామర్థ్యం వేరు, తీగల్లో ప్రవహించే విద్యుత్తు వేరు. రాత్రివేళ సౌర ఫలకం పనిచేయదు, గాలి స్తంభించినప్పుడు గాలిమర తిరగదు. అందువల్లనే సామర్థ్యంలో సగం శుద్ధమైనా, ఉత్పత్తయ్యే విద్యుత్తులో బొగ్గు వాటా ఇంకా 70 శాతం దరిదాపుల్లోనే ఉంది. ఆ ప్రకటనకు నాలుగు నెలల ముందే, 2025 మార్చిలో, దేశ వార్షిక బొగ్గు ఉత్పత్తి వంద కోట్ల టన్నులు దాటిందని అదే ప్రభుత్వం సంబరపడింది. రెండు పండుగలనూ ఒకే చేత్తో జరుపుకునే ప్రభుత్వాన్ని ప్రశ్నించవలసిన బాధ్యత ప్రతిపక్షానిది. ఆ ప్రశ్న ఎక్కడా గట్టిగా వినబడలేదు.

విద్యుత్తును దాటి చూస్తే చిత్రం మరింత మసకబారుతుంది. సూరత్ ప్రధానంగా బట్టల నగరం, ఆ బట్టకు రెండు రకాల శక్తి కావాలి. నూలును బట్టగా నేసే మరమగ్గానికి కరెంటు చాలు. నేసిన ఆ గ్రే బట్టకు రంగు అద్ది, ముద్ర వేసి, మడత నలగకుండా బిగించే ప్రాసెస్ హౌసుకు కావలసింది ప్రధానంగా వేడి. పాలియెస్టర్ బట్టలోకి రంగు ఎక్కాలంటే ఒత్తిడితో కూడిన నీరు 130 డిగ్రీలకు కాగాలి. ఆ తరువాత బట్టను స్థిరపరచే స్టెంటర్ యంత్రానికి 180 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. ఆ ఆవిరినీ ఆ వేడినీ అందించేది పాండేసరా, సచిన్, కడోదరా ప్రాంతాలలోని బొయిలర్లు. వాటిలో మండేది అత్యధికంగా బొగ్గు, లిగ్నైటు. దిగుమతి బొగ్గు ఓడల్లో వస్తుంది. లిగ్నైటు సూరత్ జిల్లాలోనే, తడకేశ్వర్ వంటి గనుల్లో దొరుకుతుంది. ఎన్ని లక్షల ఇళ్లపై ఫలకాలు పరిచినా ఈ బొయిలర్లలో ఒక్క పార బొగ్గు కూడా తగ్గదు. ఇక బట్ట సంగతే తీసుకుంటే పాలియెస్టర్ నూలు స్వయంగా పెట్రోలియం బిడ్డ. పెట్రోలియాన్ని నేసి, బొగ్గుతో కాచి, చీరగా మడిచి దేశమంతటికీ పంపే నగరం సూరత్. శిలాజ ఇంధనాల నుంచి మళ్లడం అంటే ఏమిటో ఇక్కడ తేలకపోతే మరెక్కడా తేలదు.

ఇప్పుడు పైకప్పుల వైపు చూడాలి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజనకు కేంద్రం కేటాయించిన మొత్తం 75,021 కోట్ల రూపాయలు. లక్ష్యం కోటి ఇళ్లు. ఒక కిలోవాటు అమర్చుకునే ఇంటికి 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ. ఇళ్లపై సౌర ఫలకాల విషయంలో దేశానికి గుజరాత్ ముందువరుసలో నడుస్తున్నది. గుజరాత్‌లో సూరత్ ముందువరుసలో ఉన్నది. పథకం పేరులోనే 'ఘర్' ఉంది. అర్హతకు సొంత ఇల్లు, దానికి ఫలకాలు పట్టే పైకప్పు, ఆ ఇంటి పేరిట కరెంటు కనెక్షన్ ఉండాలి. ఈ మూడూ లేని కుటుంబం గురించి పథకం రూపకర్తలు ఎంతగా ఆలోచించారన్నది ప్రశ్న.

అటువంటి కుటుంబాలు సూరత్‌లో లక్షల్లో ఉన్నాయి. ఒడిశాలోని గంజాం నుంచి, మహారాష్ట్ర ఖాందేశ్ నుంచి, ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచి వచ్చినవారితో పాటు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన తెలుగువారు కూడా అందులో ఉన్నారు. వీరిలో పద్మశాలీలు అధికం. చేమగ్గం చేయి విడిచాక, ఊళ్లో సాంచాలు కూడు పెట్టక, భీవండి, సోలాపూర్‌లతో పాటు సూరత్‌కు తరలిన తరాలు ఇవి. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో తెలుగు వాడలు నిలిచాయి, మార్కండేయుని గుడులు వెలిశాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడపవలసి వచ్చిందంటే వలస ఎంత లోతుగా పాతుకుపోయిందో ఊహించవచ్చు.

స్థిరపడి ఇల్లు కట్టుకున్నవారు కొందరున్నారు. వారి సంగతి వేరు. అద్దె గదిలో ఉండే నేత కార్మికుడి స్థితి ఏమిటి? పైకప్పు ఇంటి యజమానిది. మీటరు యజమానిది. అద్దెతో పాటు యూనిట్‌కు ఇంత అని యజమాని చెప్పిన ధర చెల్లించడమే కిరాయిదారు వంతు. ఆ ఇంటిపై ఫలకాలు వెలిస్తే రాయితీ యజమాని ఖాతాలో జమవుతుంది, బిల్లు యజమానికి తగ్గుతుంది. గదిలో ఉన్నవారి లెక్క మారాలని ఏ నిబంధనా చెప్పదు. ప్రజాధనంతో ఇచ్చే రాయితీ ఆస్తి ఉన్నవారి ఆస్తిని పెంచి, లేనివారి బిల్లును యథాతథంగా ఉంచితే దాన్ని సంక్షేమం అనడానికి నోరెలా వస్తుంది?

పని చోట కూడా ఇదే కథ. మరమగ్గాల షెడ్ల రేకుల మీద ఇప్పుడు సౌర ఫలకాలు మెరుస్తున్నాయి. విద్యుత్ చార్జీ తగ్గడం షెడ్డు యజమానికి లాభం. ఆ లాభం న్యాయమైనదే, పెట్టుబడి అతనిది. కానీ ఫలకాలకు ముందు మగ్గం నడిపినవాడి కూలి మీటరు లెక్కన లేదా పిక్కుల లెక్కన పైసల్లో నిర్ణయమయ్యేది. ఫలకాలు వచ్చాకా అలాగే నిర్ణయమవుతున్నది. కరెంటు ధర పెరిగిన ప్రతిసారీ 'ఖర్చు పెరిగింది, కూలి పెంచలేం' అన్న యాజమాన్య వర్గం, కరెంటు ఖర్చు తగ్గినప్పుడు కూలి పెంచుతామని ఎన్నడైనా అన్నదా? నష్టాన్ని పంచుకోవడానికి పిలుపు అందుకునే కార్మికుడికి లాభం పంచుకునే పంక్తిలో విస్తరి లేదు.

ఇక పొగ. కార్మికుల బస్తీలు పారిశ్రామిక వాడలను ఆనుకునే ఉంటాయి. నడిచి పనికి పోగలిగిన దూరమే వారికి అందుబాటులో ఉన్న దూరం. పన్నెండు గంటల పాళీలో లోపల నూలు ధూళి, బయటికి వస్తే చిమ్నీ ధూళి. బొగ్గు చౌక అని చెప్పే ప్రతి లెక్కలోనూ ఈ ఊపిరితిత్తుల ఖరీదు కలపకుండా వదిలేశారు. చౌక అంటే ఎవరికి చౌక అన్న ప్రశ్న వేయగానే ఆ లెక్క కూలిపోతుంది.

బొయిలర్లను ముట్టుకుంటే పరిశ్రమ మూతపడుతుందన్నది చాలాకాలంగా వినిపిస్తున్న బెదిరింపు. దీనికి సమాధానం సూరత్‌లోనే ఉంది. 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి ఇక్కడ ధూళి కణాల ఉద్గారాలకు ఒక విపణిని ప్రారంభించింది. ధూళి కణాలకు సంబంధించి ప్రపంచంలో అటువంటి విపణి అదే మొదటిది. ప్రతి కర్మాగారం చిమ్నీకి నిరంతరం కొలిచే పరికరం అమర్చి, మొత్తం ఉద్గారాలకు ఒక పరిమితి విధించి, ఆ పరిమితికి లోబడి అనుమతులను కొనుక్కునే, అమ్ముకునే వీలు కల్పించారు. మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ రయన్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు 317 కర్మాగారాలపై జరిపిన అధ్యయనం 2025లో అచ్చయింది. విపణిలో చేరిన కర్మాగారాల ధూళి ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తగ్గాయి. అంతే ముఖ్యమైన విషయం, కాలుష్యాన్ని అదుపు చేసే ఖర్చు కూడా పాత పద్ధతిలో కంటే తగ్గింది. 99 శాతం సందర్భాలలో కర్మాగారాలు తమ ఉద్గారాలకు సరిపడా అనుమతులు చూపాయి. పరిశ్రమ మూతపడలేదు.

దీని నుంచి నేర్వవలసిన పాఠాలు రెండు. నిజంగా కొలిచి, నిజంగా జరిమానా విధిస్తే సూరత్ మిల్లుల యజమానులు నియమం పాటించగలరన్నది మొదటిది. రెండవది చేదు పాఠం: ఈ విపణి కొలిచింది ధూళిని మాత్రమే. వడపోత పరికరాలను శ్రద్ధగా నడపడంతో చిమ్నీ నుంచి వెలువడే ధూళి తగ్గింది. బొయిలర్‌లో ఇంధనం మారవలసిన అవసరం ఏర్పడలేదు. తెల్లబడిన పొగలో కర్బనం అలాగే ఉంది. 2023లో కేంద్రం నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకంలో జౌళి రంగం పేరు ఉన్నా, అది అధిక ఇంధనం వాడే పెద్ద యూనిట్ల వరకే. పాండేసరా, సచిన్‌లలోని మధ్యతరహా ప్రాసెస్ హౌసుల గుంపు ఆ వలలో పడదు. అయిదేళ్లలో ఇంత సాధించి చూపిన నగరం తదుపరి మెట్టు ఎందుకు ఎక్కలేదన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు ఇంజనీర్లు కారు, పాలకులు.

ఆ మెట్టు ఎక్కడానికి దారి లేదా అంటే, ఉంది. సచిన్ పారిశ్రామిక వాడలో ఉమ్మడి బొయిలర్ నుంచి గొట్టాల ద్వారా అనేక కర్మాగారాలకు ఆవిరి అమ్మే పద్ధతి ఇప్పటికే నడుస్తున్నది. ప్రస్తుతం అందులో మండేదీ ప్రధానంగా బొగ్గే. అయితే వందల చిన్న బొయిలర్లను మార్చడం కంటే కొన్ని పెద్ద బొయిలర్లను మార్చడం తేలిక. వాటిని వ్యవసాయ వ్యర్థాలకో, పగటి సౌరవిద్యుత్తుతో వేడెక్కి రాత్రికి ఆ వేడిని నిలువ ఉంచే పరికరాలకో మళ్లించవచ్చు. 130 డిగ్రీల నీటికి హీట్ పంపులు, అద్దాలతో సూర్యరశ్మిని కేంద్రీకరించే పరికరాలు తోడ్పడగలవు. స్టెంటర్‌కు కావలసిన హెచ్చు వేడి కష్టమైనదే. దానికి గడువు ఇవ్వవచ్చు. తేలికైనదానికి కూడా గడువే ఇస్తూ పోవడం విధానం అనిపించుకోదు.

'గ్యాసు వంతెన ఇంధనం, ముందు గ్యాసుకు మారదాం' అనే వాదన ఒకటి గట్టిగా వినిపిస్తుంది. తెలుగువారికి ఈ వంతెన కొత్త కాదు. దాని ఒక కొన కాకినాడ తీరంలో ఉంది. కృష్ణా గోదావరి బేసిన్‌లోని డి6 క్షేత్రం నుంచి గ్యాసును గాడిమొగ వద్ద తీరానికి చేర్చి, సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టం ద్వారా గుజరాత్‌లోని భరూచ్‌కు పంపడం 2009లో ప్రారంభమైంది. అంతకు ముందే, సూరత్ సమీపంలోని కవాస్, భరూచ్ జిల్లాలోని గంధార్ విద్యుత్కేంద్రాల విస్తరణకు గ్యాసు సరఫరా కోసం ఎన్‌టీపీసీ పిలిచిన టెండరులో రిలయన్స్ 2.34 డాలర్ల ధర కోట్ చేసింది. ఆ తరువాత వివాదం తలెత్తి 2005లో ఎన్‌టీపీసీ బొంబాయి హైకోర్టు మెట్లు ఎక్కింది. 2007లో కేంద్ర మంత్రుల సాధికార బృందం డి6 గ్యాసుకు 4.20 డాలర్ల ధరకు ఆమోదం తెలిపింది. 2010 తరువాత డి6 ఉత్పత్తి వేగంగా పడిపోయింది. గ్యాసును నమ్ముకుని ఆంధ్రలో నిర్మించిన విద్యుత్కేంద్రాలు ఏళ్ల తరబడి పడకేశాయి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలి 20 మందికి పైగా సజీవదహనమయ్యారు. ఇళ్లూ కొబ్బరిచెట్లూ బూడిదైన ఆ ఊరి ప్రజలకు గ్యాసు శుద్ధ ఇంధనమని బోధించే ధైర్యం ఎవరికుంది? 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాసు ధర చుక్కలనంటినప్పుడు గుజరాత్ పరిశ్రమలు చవకైన ప్రత్యామ్నాయాల కోసం పరుగులు తీశాయి. ధర, లభ్యత, భద్రత మూడింటిలోనూ నిలకడ లేని వంతెన మీద నగరాన్ని నడిపించాలనడం దూరదృష్టి కాదు.

మరొక వాదన ఉద్యోగాలది. సౌరశక్తి వస్తే బొగ్గు కార్మికుల పొట్ట కొడుతుందని అంటారు. ఈ వాదన చేసేవారు సింగరేణి చరిత్రను ఒకసారి చూడాలి. 1990ల ప్రారంభంలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య 40 వేల దరిదాపులకు పడిపోయింది. ఆ తగ్గుదలలో సౌర ఫలకాల పాత్ర లేదు. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు, కార్మికుల స్థానంలో యంత్రాలు, శాశ్వత ఉద్యోగాల స్థానంలో కాంట్రాక్టు పనులు వచ్చాయి. బొగ్గు ఉత్పత్తి పెరుగుతూ ఉండగానే ఉద్యోగాలు పోయాయి. నాడు కార్మికుడి గురించి కన్నీరు కార్చనివారు నేడు సౌరశక్తిని ఆపడానికి అతడిని అడ్డుపెట్టుకుంటున్నారు.

అయితే ఆ ఆందోళనలో నిజం లేకపోలేదు. సూరత్ జిల్లా మాంగ్రోల్ తాలూకాలోని నానీ నరోలీలో గుజరాత్ ఇండస్ట్రీస్ పవర్ కంపెనీ 500 మెగావాట్ల లిగ్నైటు విద్యుత్కేంద్రాన్ని నడుపుతున్నది. వస్తాన్ మొదలైన చుట్టుపక్కల గనుల నుంచి దానికి లిగ్నైటు అందుతుంది. అదే సంస్థ కచ్ఛ్‌లోని ఖావడాలో పునరుత్పాదక విద్యుత్ పార్కును అభివృద్ధి చేస్తున్నది. సంస్థ నరోలీ నుంచి ఖావడాకు మళ్లగలదు. దానికి ఆ దారి తెరిచి ఉంది. గనికి భూమి ఇచ్చిన గ్రామం ఎక్కడికి మళ్లుతుంది? రేపు గని మూతపడితే గొయ్యి ఆ ఊరికి, కొత్త పార్కు లాభం సంస్థకు. మార్పు న్యాయంగా జరగాలని కోరడం మార్పును వ్యతిరేకించడం కాదని వామపక్షాల నుంచి పర్యావరణవాదుల వరకు అందరూ స్పష్టంగా చెప్పవలసి ఉంది.

ఇంతటి విషయం సూరత్‌లో ఎన్నికల అంశం కాలేకపోవడం ఆశ్చర్యం కలిగించదు. 2024 ఏప్రిల్‌లో సూరత్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురైంది, మిగిలినవారు పోటీ నుంచి తప్పుకున్నారు, బీజేపీ అభ్యర్థి ఏకగ్రీవంగా గెలిచారు. అక్కడి ఓటర్లకు ఓటు వేసే సందర్భమే రాలేదు. లింబాయత్, ఉధ్నా వంటి కార్మిక ప్రాంతాలు నవ్‌సారి లోక్‌సభ స్థానంలోకి వస్తాయి. అక్కడ బీజేపీ మెజారిటీ 7 లక్షలు దాటింది. ఒకచోట పోటీ లేదు, మరొకచోట పోటీ నామమాత్రం. ప్రశ్నించే ఓటు లేనిచోట జవాబు చెప్పే నాయకుడు ఉండడు. సొంత ఊళ్లో ఓటు ఉంచుకుని ఇక్కడ బతికే వలస కార్మికుడైతే ఏ పార్టీ లెక్కలోనూ లేడు.

చట్టాలు మార్చడం కష్టమన్న సాకు కూడా గుజరాత్ ప్రభుత్వానికి చెల్లదు. 2025లో అది ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, వారానికి 48 గంటల పరిమితిని ఉంచుతూనే, రోజుకు 12 గంటల పనికి వీలు కల్పించింది. పెట్టుబడులు రావాలన్నది అందుకు చెప్పిన కారణం. ముందుగా ఆర్డినెన్సుగా తెచ్చేంత తొందర ఆ మార్పులో కనిపించింది. పని గంటల కోసం ఆర్డినెన్సు తేగల ప్రభుత్వానికి బొయిలర్ ఇంధనం కోసం నిబంధన తేవడం చేతకాదంటే నమ్మేదెవరు?

తెలుగు రాష్ట్రాల పాలకులకూ ఇందులో వాటా ఉంది. 2017 అక్టోబరులో వరంగల్ వద్ద కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన చేస్తూ, సూరత్, భీవండి, సోలాపూర్‌లకు వలసపోయిన నేతన్నలు తిరిగి వస్తారని నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు ఆశ కల్పించారు. అంతకు కొన్ని వారాల ముందే పంచిన తొలి బతుకమ్మ చీరలలో గణనీయమైన భాగం సూరత్ నుంచే తెప్పించినవన్న విషయం బయటపడి రచ్చ అయింది. తరువాతి సంవత్సరాలలో ఆ పని సిరిసిల్ల సాంచాలకు దక్కింది. దక్కినంతకాలం అక్కడ కూలి నిలిచింది, ఆర్డర్లు ఆగినప్పుడు మళ్లీ ఆకలి మొదలైంది. సిరిసిల్ల బట్టా పాలియెస్టరే. వరంగల్ పార్కులో రంగు అద్దే మిల్లులు వెలిస్తే వాటికీ ఆవిరి కావాలి. సూరత్ చేసిన తప్పును ఆ పార్కులో పునరావృతం చేయకుండా తొలిరోజు నుంచే బొగ్గులేని ఆవిరిని నిబంధనగా పెట్టే అవకాశం తెలంగాణ ప్రభుత్వానికి ఉంది. ఆ ఆలోచన హైదరాబాద్‌లో ఏ పార్టీ నోటా వినరావడం లేదు.

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. సూర్యఘర్ వంటి పథకాలలో కిరాయిదారుకు వాటా ఉండాలి: పాఠశాల, మార్కెట్, నగరపాలక భవనాల మీదో, ఊరి వెలుపలి భూమిలోనో ఉమ్మడిగా ఫలకాలు పరిచి, ఉత్పత్తయిన యూనిట్లను పైకప్పు లేని కుటుంబాల బిల్లుల్లో జమ చేయాలి. వర్చువల్ నెట్ మీటరింగ్ అనే ఈ పద్ధతికి ఢిల్లీలో 2019లోనే నిబంధనలు వచ్చాయి. గాలిమరలతో, సౌర ఫలకాలతో, మురుగు శుద్ధి కేంద్రాల బయోగ్యాసుతో తన విద్యుత్తులో కొంత తానే సమకూర్చుకునే సూరత్ నగరపాలక సంస్థకు ఈ పని కొత్త కాదు. పాండేసరా, సచిన్‌ల ఆవిరికి ఏ ఏడాది నాటికి ఎంత బొగ్గు తగ్గాలో తేదీలతో ప్రకటించాలి. ధూళిని కొలిచిన విపణిలోనే కర్బనాన్నీ కొలవాలి. ప్రజాధనంతో రాయితీ పొందే షెడ్డులో కనీస వేతనం, ఈఎస్‌ఐ, పీఎఫ్ అమలైనట్టు రుజువు చూపాలి. గని మూతపడే ఊళ్లకు ప్రత్యామ్నాయ ఉపాధిని మూతకు ముందే చూపాలి.

ఇవన్నీ ఒక నగరం నుంచి ఆశించదగినవేనా అని సందేహించేవారు 1994ను గుర్తుచేసుకోవాలి. ఆ సెప్టెంబరులో ప్లేగు వదంతులతో, భయంతో లక్షల మంది సూరత్ విడిచి పారిపోయారు; రైళ్ల పైకప్పుల మీద కూడా మనుషులు వేలాడారు. పారిపోయినవారిలో అధికులు వలస కార్మికులు. చెత్తకుప్పల నగరమని దేశమంతా ఈసడించిన ఆ ఊరికి 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు రెండేళ్లు తిరగకుండానే దాన్ని దేశంలోని శుభ్రమైన నగరాల సరసన నిలబెట్టారు. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించింది. అక్రమ కట్టడాలను కూల్చేటప్పుడు పెద్దవారి కట్టడాలను వదలకపోవడం, ప్రతి అధికారీ రోజూ వీధుల్లోకి వెళ్లడం ఆ పనికి బలమిచ్చాయి. సంపన్నుల పేటలను శుభ్రం చేసి బస్తీలను వదిలేసి ఉంటే ఎలుకలు మళ్లీ వచ్చేవి.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ అదే కార్మికులు ఊరికి పంపమంటూ సూరత్ వీధుల్లోకి వచ్చారు. వారు లేనిదే మగ్గం కదలదన్న సంగతి నగరానికి అప్పుడు మరోసారి తెలిసివచ్చింది. పరిస్థితి చక్కబడ్డాక వారు తిరిగి వచ్చారు, నగరం తిరిగి మరిచిపోయింది. ఇప్పుడు నగరం సూర్యుడి వైపు మళ్లుతున్నది. లింబాయత్‌లోని కిరాయి గదిలో కరెంటు బిల్లు తగ్గిన రోజున, పాండేసరా చిమ్నీలో బొగ్గు తగ్గిన రోజున సూరత్ మళ్లిందని ఒప్పుకోవచ్చు. అంతవరకు స్థాపిత మెగావాట్ల ప్రకటనలను పండుగగా జరుపుకునే హక్కు ఢిల్లీకీ లేదు, గాంధీనగర్‌కూ లేదు.